మైక్ ఆపని జపమాల

పటమట,
విజయవాడ.

ప్రియమైన స్టెల్లా అక్కకి,

మరియ తల్లి దయవల్ల నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను బావున్నాం. కాన్వెంట్‌లో నువ్వూ అలాగే ఉండాలని రోజూ అడుగుతున్నాం. మీకు ఫోన్లు ఇవ్వరు కాబట్టి చేత్తో రాయాల్సొచ్చింది. ఇంగ్లీష్ మీడియం చెయ్యి, అక్షరాలు చూసి నవ్వకు. ఒకవేళ మదర్ గారే ముందు చదువుతుంటే, నమస్కారం మదర్.

నువ్వడిగినవి చెప్తా. నాయనమ్మ మోకాళ్ళు పర్లేదు. ఉయ్యూరు నుంచి బాబాయి తెచ్చిన బెల్లం మాత్రం అమ్మ చూడకుండా తినేస్తోంది. నీ మంచం నిండా ఇస్త్రీ బట్టలే. "నాన్న ఇంకా హాస్టల్ అంటున్నారా?" అనడిగావు కదా, అది చెప్పాలంటే ఇంకోటి చెప్పాలి. తిట్టకు.

నేను ఒక వీడియో షో మొదలుపెట్టానక్కా. గేముల్లో పిల్లలు బ్లాకులు పేర్చి ఊళ్ళు, కోటలు కట్టుకుంటారు కదా, వాటిలోకి వెళ్ళి తిరిగి చూపిస్తా. మొహం చూపించను. పేరు మిణుగురు. ఇంట్లో ఆన్‌లైన్ క్లాస్ అని చెప్పా. ఫోన్‌లో గేమ్ కనిపిస్తేనే "హాస్టల్లో పడేస్తా" అంటారు నాన్న. ఇక ఇది తెలిస్తే!

శనివారం మొదటి లైవ్. ఎవరో కట్టిన సముద్రం కింద ఊళ్ళో ఉన్నా. పట్టుమని పాతికమంది కూడా చూడట్లేదు. ఇంతలో నాయనమ్మ "వినీలా, జపమాలకి రావే! దేవుడు నీ క్లాసయ్యేదాకా కూర్చోవాలా?" అని కేక. కంగారులో మైక్ ఆపకుండా పరిగెత్తా. మన గదికీ హాలుకీ మధ్య కర్టెనే కదా. ప్రార్థన అవగానే పెరుగు ప్యాకెట్‌కి పంపారు.

తిరిగొచ్చి చూస్తే కామెంట్లు. "ఆమెన్." "మామ్మగారు సూపర్ అండి." "సిస్, హాస్టల్ క్యాన్సిల్, భయపడకు!" నాకేం అర్థం కాలేదు. రికార్డింగ్ వెనక్కి తిప్పి విన్నా. నేను పెరుక్కి వెళ్ళినప్పుడు అమ్మ అడుగుతోంది, "నిజంగా దాన్ని హాస్టల్లో వేస్తారా ఏంటండీ?"

"వేసి? పెద్దది వెళ్ళిందగ్గర్నుంచీ నాకు అన్నం సయిస్తందా? ఇదీ వెళ్తే ఈ ఇంట్లో ఉండగలనా? ఊరికే బెదిరిస్తన్నానే. దానికి చెప్పమాక."

కిందే ఇంకో మెసేజ్. చర్చి కోయర్‌లో పాడే సింధూరి. "ఇది మీ నాయనమ్మ గొంతు కదూ?" ఆదివారం పూజ దగ్గర అది నాన్నతో అనేస్తుంది. అందుకే ముందు నేనే వెళ్ళి, లాప్‌టాప్ నాన్న ముందు పెట్టేశా. మొత్తం చెప్పా.

నాన్న తన మాటలు తనే విన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంతమంది విన్నారే ఇది?"

"కొంచెం మందే నాన్నా."

"ముందు తీసెయ్. క్లాసని అబద్ధం చెప్పినందుకు పరీక్షలయ్యేదాకా వారానికి ఒక్కసారే నీ షో. జపమాలప్పుడు మైక్ ఆపు." తర్వాత గొంతు తగ్గించి, "ఇంక నేను హాస్టలంటే భయపడేదెవరే ఈ ఇంట్లో?" అన్నారు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. అక్కా, ఆ రోజు ఎంత అన్నం తిన్నానో!

వీడియో తీసేశా. కానీ "పెద్దది వెళ్ళిందగ్గర్నుంచీ" అన్న ముక్క మాత్రం కోసి దాచా. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు వినిపిస్తా. నాన్నకి చెప్పకు.

ఇట్లు,
ఇంట్లోనే ఉండబోతున్న నీ చెల్లి,
వినీల