మిగ్గిన్ పేరున వేసిన సాంబ్రాణి

మార్చి ఐడ్స్‌కు ఆరు రోజుల ముందు

నా కొడుకు మిగ్గిన్ దళం జెండా ముందు సిపాయి నడికట్టు విప్పి పారేశాడు. చక్రవర్తి పుట్టినరోజున, అందరూ చూస్తుండగా. ఇక నేను క్రీస్తు మనిషిని, కత్తి పట్టను అన్నాడట. కొట్లో వేశారు.

శతాధిపతి రొగాతుస్ వచ్చి చెప్పాడు. పోయిన మా ఆయనకు తమ్ముడి లాంటివాడు. సిపాయిలంతా నెల నడిమి ఐడ్స్ లోపల కోట గుడిలో దేవుడి ముందు సాంబ్రాణి వేసి కాగితం తీసుకోవాలని హుకుం వదినా, చిటికెడే, పులుసులో ఉప్పు వేసినంత సేపు పట్టదు, ఆ వెధవకి నువ్వైనా చెప్పు అన్నాడు. కాగితం ఉంటే దళం పెద్దదొర నడికట్టు సంగతి చూసీ చూడనట్టు వదిలేస్తాడట.

మా ఆయన నేర్పిన నాలుగు అక్షరాలు ఇది రాయడానికి పనికొస్తాయనుకోలేదు.

ఐదు రోజుల ముందు

గంజి పట్టుకెళ్లాను. తాగాడు. భయంగా ఉందా అంటే ఉందమ్మా అన్నాడు.

ఎవడు నూరిపోశాడురా నీకిది అని తిట్టాను. పోయిన వేసవిలో ఒక క్రీస్తు ముసలాయనకు వీడు కాపలా. గోడవారన గొలుసులతో కట్టేశారట. ఎండలో నిలబడ్డావేం బాబూ, ఇలా నీడకి రా అని, గొలుసు ఈడ్చుకుంటూ పక్కకి జరిగాడట ఆయన. మర్నాడు చంపేశారు. ఆయన చావు కాదమ్మా, ఆ జరగడమే నన్ను నిద్రపోనివ్వలేదు అన్నాడు.

కాసింత నీడకి ప్రాణం ఇస్తారట్రా అన్నాను. సాంబ్రాణి మాట ఎత్తేసరికి గిన్నె నా చేతికిచ్చేశాడు.

మూడు రోజుల ముందు

వేసేశాను. ముసుగు వేసుకుని కోట గుడికి వెళ్లి, కొడుక్కి జ్వరం, వాడి బదులు నేను అన్నాను. కుదరదమ్మా, మనిషి రావాలి అన్నాడు గుమాస్తా. వాడే వేశాడని రాసెయ్యవయ్యా, సాక్షిని నేను అన్నాడు వెంట వచ్చిన రొగాతుస్. రాశాడు. గుమ్మం పక్క గోడమీద జాబితాలో కూడా మిగ్గిన్ పేరు ఎక్కింది.

ఇంటికొచ్చి పిచ్చిదానిలా నవ్వాను.

ఐడ్స్

చంపేశారు.

ఐడ్స్ మర్నాడు

పెద్దదొర కాగితం చూపించి, దేవుడికి వేశావు కదా, ఇక నడికట్టు కట్టుకో అన్నాడట. మిగ్గిన్ ఆ కాగితాన్ని, కింద సాక్షి పేరునూ చూశాడట. తరవాత రొగాతుస్ వంక చూశాడట. నేను వెయ్యలేదు అని ఒక్క మాట అంటే నా మెడా రొగాతుస్ మెడా తెగేవి. అనలేదు. నడికట్టూ కట్టుకోలేదు. దళం వదిలిన నేరానికి నరికారు. క్రీస్తు కోసమని ఎక్కడా రాయలేదు.

మూడో రోజు

వాడి మనుషుల మధ్యనే పడుకోబెడదామని క్వార్తా ఇంటికి వెళ్లాను. క్రీస్తువాళ్ల సమాధుల దొడ్డి ఆవిడది. గోడమీద పేరుందమ్మా, సాంబ్రాణి వేసినవాణ్ణి మావాళ్ల పక్కన పెట్టలేను అంది. వేసింది నేనమ్మా, నేను, అని కాళ్లు పట్టుకున్నాను. లేవదీసి నీళ్లిచ్చింది. ఈ వారంలో నలుగురు తల్లులు వచ్చారు, నలుగురూ ఇదే మాట చెప్పారు అంది. ఆవిడా ఏడ్చింది.

గుమాస్తా ముందు ఒప్పుకుంటాను, అప్పుడైనా నమ్ముతారు అన్నాను రొగాతుస్‌తో. నా తల పోతే పోనీ వదినా, పిల్లలు ముగ్గురు, చిన్నదానికింకా పళ్లు రాలేదు అన్నాడు. ఇక గుమాస్తా దగ్గరికి వెళ్లలేదు.

దొడ్డి గోడ బయట, దారి పక్కన గొయ్యి తవ్వాను. రొగాతుస్ మోసుకొచ్చాడు.

ఏప్రిల్ మొదటి రోజు

క్వార్తా వాళ్లు మెల్లగా పాడుకుంటూ సమాధులకు వెళ్తారు. మావాడి మట్టి దగ్గరికి రాగానే పాట ఆపేస్తారు. దాటాక మళ్లీ ఎత్తుకుంటారు.