విస్తరిలో దానిమ్మ గింజలు

బిడ్డను ఇంగ్లీషు మీడియంలోనే చదివించాలని పట్టుబట్టి దుబాయి పోయింది నువ్వు. ఈ దేవుళ్ల గోల పడుతున్నది నేను.

బడిలో గ్రీసు దేవుళ్ల పాఠం చెప్పారట. అప్పటి నుంచి అక్షిత నన్ను వంట కూడా చేయనివ్వడం లేదు. జియస్ అందరికీ రాజు, పిడుగులు విసురుతాడు. హేరా ఆయన పెళ్లాం. అన్నదమ్ముల్లో పొసైడన్‌కు సముద్రం, హేడిస్‌కు చచ్చినవాళ్ల లోకం వచ్చాయట.

"దేవుళ్లకు గూడ పాళ్లు పంచుకునుడేనా?" అంది మీ అమ్మ.

పంటల తల్లి డిమీటర్ కూతురిని ఆ హేడిస్ ఎత్తుకుపోయాడట. అక్కడ దానిమ్మ గింజలు తిన్నందుకు ఆ పిల్ల ఏడాదికి కొన్ని నెలలే తల్లి దగ్గరికి రాగలదట. మీ గల్ఫోళ్ల లీవులాగే ఉంది.

ఈరోజు పెత్రమాస, పోయినవాళ్లకు విస్తరి పెట్టే అమావాస్య. నువ్వు పెట్టెలో తిరిగొచ్చాక ఇదే మొదటిది. అన్నం, గారెల పక్కన మీ అమ్మ నీకిష్టమని దానిమ్మ గింజలు ఒలిచిపెట్టింది. అక్షిత వచ్చి వాటిని గుప్పిట్లోకి తీసేసుకుంది.

"బాపుకు గివి పెట్టకు బాపమ్మా! తింటే ఇగ మొత్తానికి రాడు."

"గది వాళ్ల దేవుళ్ల ముచ్చటే! ఇటు తే. ఏమే కోడలా, నువ్వన్న చెప్పవేందే?"

బాపు రాడని దానికి చెప్పాల్సింది నేనే. అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"గవి లేకుంటనే పెడదాం అత్తా," అన్నాను.

రుచి తక్కువైందని కోపం తెచ్చుకోకు.