నేను తర్జుమా చేయని ఒక్క వాక్యం

మాంగెరే, ఆక్లండ్
మంగళవారం

ఆసుపత్రి దుభాషుల విభాగం అధికారి గారికి,

అయ్యా, (అమ్మగారైతే అమ్మా. తమ గది తలుపు మీద హోదా ఉంది గానీ పేరు లేదు.)

విషయం: మా అమ్మ శ్రీమతి లోసేలి ఫొనువా, వయస్సు 61, వారికి పద్నాలుగు నెలల క్రిందట చెప్పవలసియుండి చెప్పని ఒక వాక్యమును అధికారిక దుభాషి ద్వారా చెప్పించుట గురించి.

దిగువ సంతకం చేసిన కలోలైనే ఫొనువా అను నేను, బడి ఆఫీసులో గుమాస్తాను, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా అమ్మ క్లోమంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నీటి గడ్డలున్నవనియు, వాటిలో రెండు పాడవుతున్నవనియు తమ ఆసుపత్రి వారు తేల్చినారు. సర్జన్ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పినారు. ఒకటి, క్లోమం మొత్తం తీసేయాలి, సగం ఉంచితే ఆ సగంలో మళ్ళీ రావచ్చు. రెండు, తీసిన రోజు నుంచీ డయాబెటిస్ వస్తుంది, తప్పదు, బతికినంత కాలం రోజుకి నాలుగైదుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి. మూడు, తిన్నప్పుడల్లా అరగడానికి మాత్రలు వేసుకోవాలి. నాలుగు, తీయకపోతే రెండు మూడేళ్లలో క్యాన్సర్ కావచ్చు. తీయించుకోవాలా వద్దా అన్నది ఆవిడే నిర్ణయించుకోవాలని కూడా అన్నారు.

2. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆసుపత్రి ఫారంలో 'దుభాషి కావలెనా' అన్న గడిలో 'వద్దు, కూతురు ఉంది' అని రాసి సంతకం పెట్టింది నేను. కాబట్టి మా టోంగా దీవుల భాషలో అమ్మకు చెప్పిందీ నేనే. ఒకటి చెప్పాను. మూడు చెప్పాను. నాలుగు చెప్పాను.

3. రెండవది మరిచిపోయి వదిలేయలేదు. మా నాన్న షుగరుతో పోయారు. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. సమాధి దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాకు గనక షుగరొస్తే నన్ను ఏ ఆసుపత్రికీ తీసుకెళ్లకే. నేను రెండు కాళ్లతోనే మట్టిలోకి పోతాను" అంది. ఆ మాట నా చెవిలోనే ఉంది. సర్జన్ గారు డయాబెటిస్ అన్నారు. అమ్మకి ఆ మాట తెలీదు, తెలిసిందల్లా షుగర్ ఒక్కటే. ఆయన నోట అది రాలేదు, నా నోట నేను రానివ్వలేదు.

4. క్లోమాన్ని మా భాషలో ఏమంటారో కూడా నాకు తెలియదు. అందుచేత, "పందిని కోసినప్పుడు పొట్ట వెనకాల మెత్తగా ఉంటుందే, మావయ్య కుక్కలకి విసిరేస్తాడే, అదమ్మా" అన్నాను. అమ్మ నవ్వేసింది. "కుక్కలకేసే ముక్క కోసం ఇంతమంది డాక్టర్లా? తీసిపారెయ్యమను" అంది. ఆవిడ ఏమన్నారని సర్జన్ గారు అడిగితే, ఒప్పుకున్నారని చెప్పాను. రికార్డులో 'రోగి అన్నియు గ్రహించి సమ్మతించినారు' అని ఉన్నది. అది అబద్ధం. రాసినవారిది కాదు, నాది.

5. ఆపరేషన్ బాగా జరిగినది, అందుకు కృతజ్ఞురాలను. కానీ ఇంటికొచ్చిన మర్నాడే అమ్మ, "కుక్కలకేసే ముక్క పోతే ఇన్ని సూదులేంటే?" అని అడిగింది. "గాయం మానేదాకా" అన్నాను. నర్సు వచ్చిన ప్రతిసారీ దుభాషిని నేనే. వేలు పొడిచి రక్తం చూస్తే, గాయం ఎంతవరకు మానిందో చూస్తున్నామన్నాను. ఇన్సులిన్ ఎక్కువై ఒళ్లు వణికితే నోట్లో చాక్లెట్ పెట్టాను. దాంతో అమ్మకి మరీ ధైర్యం వచ్చేసింది. చర్చిలో షుగరున్న ఆడవాళ్ల పక్కన చేరి జాలిపడుతుంది. ఎవరైనా నీ సంగతేంటని అడిగితే, "నాకా? షుగరున్న మనిషికి కూతురు చాక్లెట్లు పెడుతుందా?" అంటుంది. పోయిన నెల అందరి ముందూ లేచి నిలబడి, మా ఆయన్ని తీసుకుపోయిన జబ్బు నన్ను తాకలేదు ప్రభువా అని ప్రార్థన చేసింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, సిగ్గు లేకుండా గట్టిగానే అన్నాను.

6. ఇక అసలు సంగతి. గాయం మానిపోయింది. అమ్మ అద్దం ముందు చొక్కా ఎత్తి చూసుకుని, "గీత కూడా కనపడట్లేదు, ఇంక ఊరికి పోతా" అంది. టోంగాలోని హాపై దీవుల్లో మాదొక చిన్న దీవి. వచ్చే నెల తొమ్మిదో తేదీన ప్రయాణం. "ఆ సూదులు ఇక్కడే పారెయ్. అక్కడ మావయ్య ఐసుపెట్టె చేపలకే చాలదు, వీటినెక్కడ చల్లగా పెట్టను?" అంటోంది. క్లోమం లేని మనిషి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఇది ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మా అమ్మను బతికించుకోవడానికి ఆడిన అబద్ధం ఇప్పుడు మా అమ్మను చంపేట్టు ఉంది.

7. కన్నకూతురివి, నువ్వే చెప్పుకోవచ్చు కదా అని తమరు అడుగవచ్చును. మూడుసార్లు వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. చాప అల్లుకుంటూ తలెత్తి, "ఏంటే?" అంది. మూడుసార్లూ "టీ పెట్టనా అమ్మా" అన్నాను. మూడుసార్లూ టీ తాగింది.

కావున తమరు దయతో సదరు గడిలోని నా రాతను కొట్టివేయించి, తొమ్మిదో తేదీ లోపుగా ఒక దుభాషిని మా ఇంటికి పంపి, పైన కనబరిచిన రెండవ వాక్యమును మా అమ్మకు చెప్పించగలరని ప్రార్థన. నా మీద ఏ చర్య తీసుకున్ననూ సమ్మతమే.

ఇంత పెద్ద తప్పును ఇంత ఆలస్యంగా చిత్తగించవలెనని అడుగుటకు మన్నించవలెను.

తమ విధేయురాలు, అమ్మకు కాలేకపోయినది,
కలోలైనే ఫొనువా

తా.క.: కవరు అంటిస్తుండగా అమ్మ, "ఎవరికే అంత పొడుగు ఉత్తరం?" అంది. ఆసుపత్రికన్నాను. "నా గురించేనా? చదువు" అంది. అలవాటు ప్రకారం మా భాషలోకి మార్చుకుంటూ చదివాను. మొదటి అంశంలో 'రెండు' దగ్గరికి రాగానే నాలుక దాటేయబోయింది. దాటనివ్వలేదు. షుగర్ అనే అన్నాను.

చివరిదాకా విని చాప పక్కన పెట్టింది. తిట్టలేదు.

"అప్పుడే చెప్పుంటే ఒప్పుకునేదాన్ని కాదు."

"తెలుసమ్మా."

"తెలిసే చేశావన్నమాట. ఇంకేం వదిలేశావు?" అని అడిగింది.

"ఇంకేం లేదమ్మా."

"అది చెప్తున్నది కూడా నువ్వేగా" అంది.

మధ్యాహ్నం భోజనం ముందు సూది తెచ్చాను. ఎప్పుడూ నేనే పొడుస్తాను. నా చేతిలోంచి లాక్కుంది. "ఎంత?" అంది. ఆరన్నాను. సూది పెన్ను మీద అంకె తనే తిప్పుకుంది, నా మాట మీద నమ్మకం లేక నర్సు ఇచ్చిన కాగితంలో సరిచూసుకుంది, తనే పొడుచుకుంది. సరిగ్గానే పొడుచుకుంది. తర్వాత, "కుక్కలకేసే ముక్కట" అంది. నవ్వలేదు.

ప్రయాణం సంగతి దుభాషి వచ్చాకే తేలుస్తుందట. మా చర్చి మనిషిని మాత్రం పంపవద్దన్నది. మొదటి రోజు నుంచి డాక్టర్లు అన్నవన్నీ మళ్ళీ చెప్పాలట. నేను పక్కనే కూర్చోవాలట, నోరు తెరవకూడదట.

కావున పై అర్జీలో 'ఒక వాక్యము' అన్నచోటా 'రెండవ వాక్యము' అన్నచోటా 'అన్ని వాక్యములు' అని దిద్దుకొనగలరు. వచ్చే దుభాషికి టీ నేను పెడతాను. ఆ ఒక్కటీ చేయనిస్తానంది.