ఈశాన్యం మూల తడి

గురువారం రాత్రి, టార్నీట్

రేపు ఉదయం ఏడింటికి కాంక్రీటు వస్తుంది. మేం కట్టిస్తున్న ఇల్లు వెచ్చగా ఉండడానికి హాలు నేలంతా వేడినీళ్ల పైపులు పరిచారు. లీకులుంటే ప్రెషర్ తగ్గి తెలుస్తాయని వాటిలో నీళ్లు నింపి ఉంచారు. కాంక్రీటు పడితే ఇక వాటిని చూడలేం.

రేపు టైముండదని ఇవాళ పొద్దున్నే ఈశాన్యం మూల దీపం పెట్టి, కత్తితో కొబ్బరికాయ కొట్టాను. కత్తి జారి పైపుకి తగిలింది. చిన్న గీతేలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ప్లంబర్ డీన్ ప్రెషర్ మీటరు చూశాడు. ముల్లు కాస్త దిగింది. "చలికి అంతే, నో వరీస్" అన్నాడు. మా ఆయన నావైపు చూసి, "ఆయన ఓకే అన్నాడుగా, నీకెందుకంత టెన్షన్?" అన్నారు. శుభమా అని పూజ చేసి పైపు కోశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

డీన్ వెళ్లాక ఒక్కదాన్నే ఆ మూలకి వెళ్లాను. పైపు కింద తడి. పొద్దుటి కొబ్బరినీళ్లే అయ్యుంటాయి, ఈ చలికి ఆరలేదేమో అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాను.

తియ్యగా లేదు.