పావొలీనో పొడుగు లెక్క

ఏమయ్యా పావొలీనో,

పొద్దున నువ్వు నిద్రమత్తులో ఉండగానే నిన్ను తలుపుకు ఆనించి గీత గీశాను: నూట డెబ్బైరెండు సెంటీమీటర్లు. ఈ రోజుకు నీ పెట్టుబడి అదే. చిక్కుడుగింజల కూర గిన్నెలో ఉంది, తిను. వెన్నుపూసల మధ్య మెత్తలు తడి స్పాంజీల్లాంటివనీ, బరువు పడితే నీరు కారి అణిగిపోతాయనీ డాక్టరు నీ ముందే చెప్పాడు. మామూలుగా సాయంత్రానికి ఒక సెంటీమీటరు తగ్గుతావు, ఒప్పుకుంటాను. అంతకన్నా తగ్గితే ఇవాళ్టి పండగ ఊరేగింపులో మగాళ్లంతా భుజాలకెత్తుకునే ఆ చెక్క గోపురం నువ్వూ మోశావన్నమాటే. "ఊరికే భుజం ఆనించానే, అసుంతా!" అని మళ్లీ అనకు. సంతలో అంగడి కట్టేసి రాగానే కొలుస్తాను.

అన్నట్టు, పోయినేడు గోపురం మోసి నడుం పట్టేసినప్పుడు పదకొండు రోజులు నీ మేజోళ్లు నేనే తొడిగాను. అన్నాళ్లూ ఎదురు మాట్లాడకుండా ఇంటిపట్టున పడి ఉన్నావు. నాకు దక్కిన లాభం అదొక్కటే. అంత లాభం మళ్లీ నాకొద్దు.