బాబా అని పిలిచినందుకు

బోజెనా తల్లీ, నేను కులాసాగా ఉన్నాను, దగ్గు తగ్గింది. కోడలు రాద్కా పిల్లచేత నన్ను "బాబా" అనిపిస్తోంది, వచ్చి తీసుకెళ్ళమని పోయిన కార్డులో రాశాను కదా, రావద్దు. మన దేశంలో నోటిదురుసు ముసలిదాన్ని బాబా అంటాం గానీ, వాళ్ళ బల్గేరియాలో నాయనమ్మని ముద్దుగా అలాగే పిలుస్తారట. ఆ పక్కనే టర్కీలో నాన్నని బాబా అంటారట, ఆ మాటకీ మన మాటకీ చుట్టరికమే లేదట. అడక్కుండా నేనే కుమిలిపోయాను.

నిన్న ఈస్టర్‌కి మన పండగ కేకు, దాని పేరూ బాబాయే కదా, ఓవెన్‌లో పెట్టాను. అడుగుల చప్పుడైనా కుంగిపోతుందని రాద్కాతో చెప్పి, కుర్చీలోనే కునికాను. ఉలిక్కిపడి లేచేసరికి కేకు దింపేసి, వేడి మీద కుంగకుండా, మన పద్ధతిలోనే, మనవరాలు నెవేనా పడుకునే ఈకల దిండు మీద పడుకోబెట్టారు. అది ఎప్పుడో చల్లారింది. అయినా రాద్కా వట్టికాళ్ళతో నడుస్తోంది. మీ తమ్ముడు బూట్లు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"చల్లారాక కూడా ఈ కాపలా ఏమిట్రా?" అన్నాను.

"కేకుకి కాదమ్మా, నీ నిద్రకి. నీ కోడలు నన్ను గడప తొక్కనిస్తేగా!" అన్నాడు.

నెవేనా నా చెవిలో, "బాబా, లేచావుగా, ఇంక అరవచ్చా?" అంది. అరవమన్నాను.

కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా? పడుకునే ముందు గ్యాస్ కట్టేస్తున్నావా? చలి పోలేదు, పిల్లల టోపీలు తియ్యకు. పిల్ల దిండుకి వెన్న మరకలయ్యాయి. నా దిండూ, కేకు చేసే నా రాగి గిన్నే ఇక్కడికి పంపెయ్యి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అమ్మ, ఇక్కడి బాబా