కండ గలవారి రిపోర్టుల కింద అచ్చవుతున్న వాక్యం గురించి

ప్రభుత్వ రక్తపరీక్షా కేంద్రాల ఉన్నతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేను పోరాడి తెప్పించిన వాక్యాన్ని సరిచేయమని నేనే కోరుట – మొదటి రెండు అర్జీలను తమ కార్యాలయం తోసిపుచ్చుట – మూడవ అర్జీ.

విన్నవించుకొనునది ఏమనగా, నేను తమ అధీనంలోని కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా పనిచేయుచున్న ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఉద్యోగ సంఘంలో నోరున్న మనిషినని పేరు. ఈ అర్జీకి మూలం ఆ నోరే.

1. నాలుగేళ్ల కిందట గోదాముల్లో మూటలు మోసేవారికి ఏటా రక్తపరీక్ష తప్పనిసరి చేసినారు. క్రియాటినిన్ హద్దు దాటితే కిడ్నీ జబ్బు మనిషివి పొమ్మని ఇంటికి పంపేవారు. క్రియాటినిన్ అనేది కండరాల్లో పుట్టి కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం. కండ ఎక్కువైతే అదీ కాస్త ఎక్కువ ఉంటుంది. మూటలు మోసి మోసి కండ పెరిగిన మనిషిని, ఆ కండే సాకుగా చూపి పనిలోంచి తీసేయడం ఏ న్యాయమని నేను అర్జీ పెట్టాను, గేటు ముందు బైఠాయించాను, తమ కన్నా ముందున్న అధికారి గారి బల్ల చరిచాను. గెలిచాను. అన్ని కేంద్రాల కంప్యూటర్లలోనూ ఒక వాక్యం ఎక్కించారు. హద్దు దాటిన ప్రతి మగవాడి రిపోర్టు కింద అది దానంతటదే అచ్చవుతుంది: "దృఢమైన కండరాలు గలవారిలో ఈ విలువ ఎక్కువగా ఉండుట సహజము."

ఆ వాక్యం రాసినది నేను. అక్షరం అక్షరం నాదే.

2. రాస్తున్ననాడు పక్క బల్ల దగ్గర పనిచేసే చెల్లెమ్మ ఒక మాట అన్నది.

"అన్నా, మూత్రంలో ప్రోటీన్ కూడా చూడాలని ఇంకో ముక్క కలుపు. ఉత్త కండ వల్లే అయితే అందులో ప్రోటీన్ పోదు కదా."

"కలిపితే దాన్ని పట్టుకుని మళ్లీ కూలీలనే తిప్పుతారమ్మా. వీళ్ల సంగతి నీకు తెలీదు."

"వీళ్ల సంగతి తెలీదు గానీ, కిడ్నీ సంగతి తెలుసన్నా."

నేను నవ్వి, ఆ ముక్క లేకుండానే పంపించాను.

3. మా అబ్బాయికి ఇరవై ఏడేళ్లు. ఒక జిమ్‌లో శిక్షకుడు. ఆ యజమాని వాణ్ణి వీధివైపు అద్దాల వెనక నిలబెట్టి బరువులు ఎత్తించేవాడు. "నీ ఒళ్లే మనకి బోర్డురా" అనేవాడట. బోర్డు సన్నబడకూడదు గనుక కండ పెంచే స్టెరాయిడ్ సూదులు కూడా ఆయనే చూపించాడు. చీటీ లేని సీసాలు, నీళ్ల బాటిళ్ల పక్కన, అదే ఫ్రిజ్‌లో. ఆ విషయం నాకు తెలియదు. రక్తం పరీక్షించడం నా వృత్తి, నా ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడి రక్తం సంగతి నాకు తెలియదు.

ఒంట్లో తేడాగా ఉండి వాడు పరీక్ష చేయించుకున్నాడు. నా కంట పడకూడదని ఊరికి ఆ కొసనున్న కేంద్రానికి పోయాడు. ఆ రిపోర్టు ఈ అర్జీకి జతపరచడమైనది. హిమోగ్లోబిన్ పద్దెనిమిదిన్నర, అంటే రక్తం చిక్కబడినది. మంచి కొలెస్ట్రాల్ పదిహేడు, ఉండవలసినదాంట్లో సగం కూడా లేదు. లివర్ ఎంజైములు రెట్టింపు. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఏడు, హద్దు ఒకటి పాయింట్ మూడు. నాలుగూ కలిపి చూసిన ఏ టెక్నీషియనైనా "ఏం వాడుతున్నావు బాబూ" అని అడిగేవాడు. ఎవరూ చూడలేదు. మిషను చూసినది, కింద నా వాక్యం అచ్చేసినది.

వాడు దాన్ని యజమానికి చూపించాడట. "కండ ఉన్నోడికి అంతేరా. కింద రాసుంది చూడు. రాసింది నేను కాదు, గవర్నమెంటు."

మరో పద్నాలుగు నెలలు వాడాడు. మూత్రం నురగ కడుతున్నా, పాదాలు ఉబ్బుతున్నా కండేననుకున్నాడు. ఒకనాడు బరువు ఎత్తబోయి కూలబడితే ఆస్పత్రికి తెచ్చారు. ఆ రోజు క్రియాటినిన్ ఎనిమిది. ఆస్పత్రి వాళ్లు పాత కాగితాలు అడిగితే జిమ్ సంచీ వెతికాను, ఈ రిపోర్టు దొరికినది. అంకెల కన్నా ముందు కింది వరసే నా కంట పడినది.

కిడ్నీల్లో రక్తాన్ని వడగట్టే జల్లెడలు మచ్చలు కట్టి మూసుకుపోయాయని డాక్టరమ్మ చెప్పారు. "ఆ రిపోర్టు నాడే మూత్రం చూసి, సూదులు మాన్పించి, బీపీ తగ్గించి ఉంటే నిలబడేవేమో" అన్నారు. ఆ "ఏమో"తో నేను కాపురం చేస్తున్నాను.

4. నా మొదటి అర్జీకి తమ కార్యాలయం జవాబు: "సదరు వాక్యము మీ విజ్ఞప్తి మేరకే చేర్చబడినది, కావున మీకు అభ్యంతరము ఉండజాలదు." ఉండజాలుతుంది. మనిషి తప్పు రాయగలడు, తప్పని తెలుసుకోనూ గలడు. రెండవ దానికి జవాబు: "రోగి స్వచ్ఛందముగా వాడిన మందుకు ఈ శాఖ బాధ్యత వహించదు." అయ్యా, ఒళ్లు చూసి కొలువిచ్చేవాడు ఒకడు, ఒళ్లు చూసి చప్పట్లు కొట్టేవాళ్లు వందమంది, ఒళ్లు తగ్గితే బయటికి పంపేవాడు మళ్లీ మొదటివాడే. ఇందులో స్వచ్ఛందం ఏ మూలనున్నదో చూపితే నేను నోరు మూసుకుంటాను. సరే, వాడిదే తప్పనుకుందాం. తప్పు చేసినవాడికి రిపోర్టు అబద్ధం చెప్పవచ్చునా?

5. వచ్చే నెల కాపలా ఉద్యోగాలకు ఎంపికలు. ఛాతీ కొలుస్తారు. ఆ కొలత అందుకోవడానికి ఎంతమంది సూదులు పొడుచుకుంటున్నారో తమకూ తెలియదు, నాకూ తెలియదు. వాళ్లందరి రక్తం మన కేంద్రాలకే వస్తుంది. అందరి కిందా ఆ వాక్యమే అచ్చవుతుంది.

దాన్ని తీసేయమనడం లేదు. తీసేస్తే మూటలు మోసేవాళ్లు మళ్లీ రోడ్డున పడతారు. దాని పక్కన ఇంకో వాక్యం కావాలి: "ఇది కండ వల్లనేనని మూత్రంలో ప్రోటీన్ చూడకుండా, కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ పరీక్ష చేయకుండా చెప్పలేము. సూదులు వాడుతున్నట్లయితే భయపడక చెప్పండి." ఈసారి రాసినది పక్క బల్ల చెల్లెమ్మ.

ఎంపికలకు ముందే ఉత్తర్వు ఇప్పించవలెనని, మొదటి వాక్యం రాసిన నేరానికి నా మీద ఏ చర్య తీసుకున్నా నాకు సమ్మతమేనని, ఇది అటకెక్కించక స్వయంగా చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఎదురు మాట్లాడుతూనే తమ విధేయుడైన,
ల్యాబ్ టెక్నీషియన్

తా.క. రోగి వివరాలు బయటపెట్టడానికి రోగి అనుమతి ఉండవలెను గనుక, డయాలసిస్ మంచం మీద వాడికి ఈ అర్జీ చూపించాను. ఎడమ చేతికి సూదులున్నాయి, కాగితాలు నేనే తిప్పాను. ఒకటో అంశం చివర ఆగాడు.

"ఇది నువ్వు రాసిందా నాన్నా?"

"నేనే."

"ముందే చెప్పాల్సింది. నువ్వు రాశావని తెలిస్తే ఒక్క ముక్క నమ్మేవాణ్ణి కాదు. నీ మాట నేనెప్పుడు విన్నాను?"

పక్క మంచం పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వవలసి వచ్చినది.

తరవాత మెల్లగా, "ఆ లైను తీసెయ్ నాన్నా. ఎవరో రాశారని పెట్టు. నీ ఉద్యోగం పోతుంది" అన్నాడు. నేను తీయలేదు. వాడు కుడిచేత్తో అనుమతి సంతకం పెట్టి, "మంగళవారం నాకు డయాలసిస్ లేదుగా, నేనూ వస్తా. నువ్వు అరవకు, నేను చెప్తా" అన్నాడు.

కావున మంగళవారం పదకొండు గంటలకు ఇద్దరం తమ కార్యాలయానికి వస్తున్నాము. వాడు ఎక్కువసేపు నిలబడలేడు. ఒక కుర్చీ వేయించవలెను.